స్కైలాబ్ దారిలో పడిన ఖాళీ

1973 మే 14 మధ్యాహ్నం ఫ్లోరిడా తీరం నుంచి సాటర్న్-5 రాకెట్ స్కైలాబ్ అంతరిక్ష కేంద్రాన్ని మోసుకుని లేచింది. కొద్ది నిమిషాలకే మసాచుసెట్స్‌లోని సాగమోర్ హిల్ పరిశోధనశాలకు ఒక ఉపగ్రహం నుంచి వచ్చే రేడియో సంకేతాలు మారిపోయాయి. అవి దాటి వచ్చే దారిలో ఎలక్ట్రాన్లు దాదాపు సగానికి పడిపోయాయి. మైకేల్ మెండిల్లో, జెరాల్డ్ హాకిన్స్, జాన్ క్లోబుచార్ ఆ రికార్డులను పరిశీలించి 1975లో ఫలితం ప్రకటించారు. వాతావరణం పైభాగాన అయాన్లు, ఎలక్ట్రాన్లు ఉండే ఐనోస్ఫియర్‌లో సుమారు వెయ్యి కిలోమీటర్ల వ్యాసార్థం మేర ఖాళీ ఏర్పడి, నాలుగు గంటలపాటు నిలిచింది. వ్యోమనౌక తన చుట్టూ ఉన్న ప్లాస్మాను, అంటే ఆ అయాన్లు, ఎలక్ట్రాన్ల మిశ్రమాన్ని, చెదరగొడుతుందని అప్పటికే తెలుసు. దాని దేహం చేసే అలజడి కన్నా అది వదిలే వాయువు చేసేది ఎన్నో రెట్లు పెద్దదని తేల్చింది మాత్రం ఈ రికార్డులే.

అంతవరకూ పరిశోధకుల దృష్టి ఎక్కువగా దేహం మీదే ఉండేది. భూమికి దగ్గరి కక్ష్యలో నౌక సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. అక్కడి ఆక్సిజన్ అయాన్ల వేగం సెకనుకు కిలోమీటరు చిల్లరే. అందుకే పడవ వెనక చాలులా నౌక వెనక అయాన్లు పలచబడిన చోటు మిగులుతుంది. చురుకైన ఎలక్ట్రాన్లు ముందుగా అక్కడికి చొరబడి ఋణావేశాన్ని నిలుపుతాయి. సోవియట్ శాస్త్రజ్ఞులు అల్పర్ట్, గురేవిచ్, పితయేవ్‌స్కీ దీనికి గణితం కట్టారు. 1962లో ఎగిరిన ఏరియల్-1 ఉపగ్రహం కొలతల్లో ఆ చాలు జాడ దొరికింది. 1966లో జెమినీ నౌక, అజీనా వాహనం కలిసి చేసిన ప్రయాణాల్లో దాన్ని కొలిచారు. అందమైన భౌతికశాస్త్రమే ఇది. కానీ ఆ చాలు పొడవు నౌక కొలతకు కొన్ని రెట్లు, మహా అయితే కొన్ని పదుల రెట్లు. వెయ్యి కిలోమీటర్ల ఖాళీకి ఆ లెక్క చాలదు.

అంత ఖాళీ తెచ్చింది రసాయన చర్య. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే రాకెట్ నీటి ఆవిరినీ, మిగులు హైడ్రోజన్‌నూ విడుస్తుంది. ఆ అణువులు ఆక్సిజన్ అయాన్లతో చర్య జరిపే వేగం అక్కడి సహజ వాయువులతో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ. అలా పుట్టిన కొత్త అయాన్లు ఎలక్ట్రాన్లను చప్పున పట్టుకుని ఆవేశం లేని కణాలుగా విడిపోతాయి. రాకెట్ భారీది కాబట్టే ఇదంతా జరిగిందని అనవచ్చు. అయితే చంద్రయాత్రల్లో భూమి నుంచి లేచే దశలో ఇదే సాటర్న్-5 సుమారు 190 కిలోమీటర్ల ఎత్తులోనే ఇంజన్ ఆపేది. స్కైలాబ్‌కు మాత్రం ప్లాస్మా దట్టంగా ఉండే 300 కిలోమీటర్ల పొరను దాటి మండింది. 2017 ఆగస్టు 24న ఫాల్కన్-9 మోసుకెళ్లిన తైవాన్ ఉపగ్రహం ఫార్మోశాట్-5 బరువు 475 కిలోలే. అయినా రాకెట్ దాదాపు నిట్టనిలువుగా ఎగియడంతో సుమారు 900 కిలోమీటర్ల ఖాళీ పడింది. బరువు కన్నా దారే ముఖ్యమని ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు కనిపించదు.

సూర్యుడు కొన్ని గంటల్లో ఖాళీని పూడుస్తాడు, సౌర తుఫానులు ఇంతకన్నా పెద్ద అలజడి తెస్తాయి, ఇక దీన్ని పట్టించుకోవడమెందుకన్నది మరో అభ్యంతరం. రెండూ నిజాలే. కానీ రాత్రివేళ పూడ్చడానికి సూర్యకాంతి ఉండదు. పైగా అదే ప్లాస్మాను కొలవడానికి వెళ్లిన నౌకకు తన వాయువే కొలతలో కలిసిపోతుంది. 1982 మార్చిలో కొలంబియా షటిల్ మోసుకెళ్లిన అయోవా విశ్వవిద్యాలయ పరికరానికి నౌక చుట్టూ నీటి అయాన్లు దొరికాయి. అవి నౌక నుంచి వెలువడిన ఆవిరి నుంచి పుట్టినవే. 1985లో షటిల్ స్పేస్‌ల్యాబ్-2 ప్రయాణంలో శాస్త్రజ్ఞులు వాయువుకున్న ఈ ఖాళీ చేసే గుణాన్నే వాడుకున్నారు. టాస్మేనియాలోని హోబర్ట్ మీద షటిల్ ఇంజన్లు మండించి ఖాళీ చేస్తే, మామూలుగా ఐనోస్ఫియర్ అడ్డుకునే 1.7 మెగాహెర్ట్జ్ విశ్వ రేడియో తరంగాలు నేలకు చేరాయి. కారణం ఇంత తేటగా తెలిశాక, ప్రతి ప్రయోగ సంస్థా ఇంజన్ ఏ ఎత్తులో, ఎంతసేపు మండిందో, ఏ వాయువులు ఎంతెంత వెలువడ్డాయో బహిరంగంగా నమోదు చేయాలి.