కారణం చెప్పనక్కర్లేదు

1926లో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం గృహవిజ్ఞానం చదువుతున్న ఆంథొనీ అనే విద్యార్థినిని వెళ్ళిపొమ్మంది. ఏం తప్పు చేశానని ఆమె అడిగితే అధికారులు చెప్పింది ఇదీ: ఆమె గురించి వదంతులు విన్నారు. ఆమెతో కలిసి ఉంటున్న అమ్మాయిల్ని అడిగారు. ఈమధ్య ఆమె ఏమీ చెయ్యలేదనే తేలింది. కానీ ఆ ఇంట్లో అంతకుముందు చాలా గొడవలకి కారణమైందట. మొత్తమ్మీద ఆమె ‘టిపికల్ సిరక్యూస్ అమ్మాయి’ అనిపించలేదు.

ఆమె కోర్టుకెళ్ళి 1927లో గెలిచింది. 1928లో అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. చేరేటప్పుడు ఆమె సంతకం పెట్టిన కార్డే ఆమెకి ఎదురు తిరిగింది. ఇక్కడ చదువుకోవడం హక్కు కాదు, విశ్వవిద్యాలయం ఇచ్చే అవకాశం మాత్రమేననీ, ఎవరినైనా వెళ్ళిపొమ్మన్నప్పుడు నిర్దిష్టమైన ఆరోపణలు చెప్పకపోవచ్చుననీ ఆ కార్డు ద్వారా ఆమె ఒప్పుకున్న నిబంధనలో ఉంది. చదువు స్థాయినో, నైతిక వాతావరణాన్నో కాపాడుకోవడానికి మాత్రమే పంపించాలని కోర్టు ఒక హద్దు గీసింది. అయితే తనని పంపించింది ఆ రెండు కారణాలకీ కాదని నిరూపించుకోవాల్సిన భారం ఆమె మీదే పెట్టింది. చెప్పని కారణాన్ని ఎలా ఖండించాలి? మన అత్తగారిళ్ళలో ఈ న్యాయసూత్రం తెలియని కోడలు అరుదు.

అంతకు నాలుగేళ్ళ ముందు, 1924లో, మిషిగన్ రాష్ట్రంలో ఇంకో విద్యార్థిని కేసు ఉంది. వీధిలో సిగరెట్ తాగడం, కారులో ఒక యువకుడి ఒళ్ళో కూర్చుని తిరగడం ఆమె చేసిన నేరాలు. కాలేజీ ఆమెని తిరిగి చేర్చుకోనంటే రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. పైగా యువతుల విషయంలో పాతకాలపు ఆదర్శాల్ని నిలబెట్టినందుకు అక్కడి మహిళా డీన్‌ని మెచ్చుకుంది. సంస్థ నైతిక వాతావరణం విద్యార్థినుల ఒంటిమీదే ఉందని కోర్టులు నమ్మాయి. దానికి కాపలా కాసే ఉద్యోగం కూడా ఒక స్త్రీకే దొరికింది.

ఈ ధోరణిని బద్దలుకొట్టింది నల్లజాతి విద్యార్థులు. 1960 ఫిబ్రవరిలో మాంట్గోమరీ కోర్టు భవనంలో తెల్లవాళ్ళకే పరిమితమైన ఫలహారశాలలో కూర్చుని, తమకీ వడ్డించమని వాళ్ళు అడిగారు. అలబామా స్టేట్ కాలేజీ నోటీసైనా ఇవ్వకుండా తొమ్మిది మందిని బహిష్కరించింది. ప్రభుత్వ కాలేజీలు ఆరోపణ ఏమిటో చెప్పాలని, విద్యార్థి మాట వినాలని, సాక్షుల పేర్లు కూడా ఇవ్వాలని 1961లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మన దగ్గర కూడా పరీక్షా ఫలితాలు రద్దుచేసే ముందు విద్యార్థి మాట వినాలని సుప్రీంకోర్టు 1962లో అంది.

సాక్షుల పేర్లు ఇవ్వాలన్న దగ్గరే నేను ఆగిపోతాను. ఎందుకంటే మన దేశంలో ఈ ప్రశ్న ఒక అమ్మాయిల హాస్టల్ నుంచి వచ్చింది. 1972 జూన్ 10 రాత్రి రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాలలో కొందరు మగ విద్యార్థులు అమ్మాయిల హాస్టల్ ఆవరణలోకి దూకి బట్టల్లేకుండా తిరిగారు. కిటికీలోంచి ఒకమ్మాయి చెయ్యి పట్టుకు లాగబోయారు. కొందరు డ్రెయిన్ పైపులు పట్టుకుని మేడమీదకి ఎక్కారు. అక్కడ చదువుకుంటున్న అమ్మాయిలు కేకలు పెట్టారు. 36 మంది కలిసి ప్రిన్సిపాల్‌కి రహస్యంగా ఫిర్యాదు రాసిచ్చారు.

విచారణ సంఘం అమ్మాయిల వాంగ్మూలాల్ని నిందితులు లేనప్పుడు తీసుకుంది. నిందితుల ఫొటోల్ని మరికొన్ని ఫొటోలతో కలిపి గుర్తుపట్టమంది. తర్వాత నిందితుల్ని పిలిచి, ఆరోపణలు వివరించి, జవాబులు తీసుకుంది. వాళ్ళని రెండు విద్యా సంవత్సరాలు కాలేజీ నుంచి పంపించేశారు. మా ఎదుట సాక్ష్యం చెప్పించలేదు, ప్రశ్నించనివ్వలేదని వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1973లో కోర్టు వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. సహజ న్యాయం అన్ని చోట్లా ఒకే అచ్చులో ఉండదనీ, ఎదురుగా నిలబెడితే ఆ అమ్మాయిల్ని వేధింపుల నుంచి ఎవరూ కాపాడలేరనీ అంది.

సిరక్యూస్‌లోనూ రాంచీలోనూ గోప్యత ఉంది. కానీ సిరక్యూస్ దాచింది ఆరోపణని. రాంచీ కమిటీ దాచింది ఆరోపించినవాళ్ళ మొహాల్ని. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. అలాగని రాంచీ తీర్పు నన్ను పూర్తిగా సంతోషపెట్టదు. రౌడీలు రోడ్డు మీద కాపు కాయడాన్ని ఎండావానల్లా మార్చలేని విషయంగా తీసుకుని, అమ్మాయిల్ని దాచడమే దారి అనుకుంది. అయినా ఆ 36 మందీ ఫిర్యాదు వెనక్కి తీసుకోకుండా నిలబడగలిగింది ఆ గోప్యత వల్లేనని మర్చిపోలేం.

2017 అక్టోబరులో అధ్యాపకుల పేర్లతో లైంగిక వేధింపుల జాబితా బయటికొచ్చినప్పుడు మన స్త్రీవాదులు రెండుగా చీలిపోయారు. ప్రక్రియ ఉండాలన్నారు కొందరు. ఆ ప్రక్రియ ఎవరి పక్షాన పనిచేసిందో చూశాం కదా అన్నారు మరికొందరు. ఇద్దరూ ప్రక్రియని విడదీయలేని ఒకే ముద్దగా చూశారని నాకనిపిస్తుంది. నిందితుడికి ఏం తెలియాలి, ఎవరు ఎవరి ముందు కూర్చోవాలి, ఎన్నాళ్ళలో తేల్చాలి అని విడివిడిగా బేరమాడాల్సిన వ్యవహారం అది.

యూజీసీ 2015 నిబంధనలు ఆ బేరంలో కొంత తేల్చాయి. ఫిర్యాదు ప్రతి నిందితుడికి అందాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. శిక్షల వరస కూడా ఇచ్చాయి: లైబ్రరీ, హాస్టల్, స్కాలర్‌షిప్‌ల నిలిపివేత, సస్పెన్షన్, బహిష్కరణ. అవే నిబంధనల్లో ఇంకో వాక్యం కూడా ఉంది. భద్రత పేరు చెప్పి హాస్టళ్ళలో అబ్బాయిలకి లేని ఆంక్షలు అమ్మాయిలకి పెట్టకూడదని. ఆ వాక్యాన్ని చూపించి, గేటు ఎనిమిదింటికే ఎందుకు మూస్తున్నారని అడిగిన అమ్మాయి ఇంటికి ఫోన్ చేసే హాస్టళ్ళు ఉన్నాయి. నాన్న వచ్చి తీసుకెళ్తాడు. శిక్షల వరసలో ఆ ఫోన్ లేదు కాబట్టి దానికి నోటీసు ఇవ్వరు, విచారణా ఉండదు.