మల్ ఆఫ్ కింటైర్: కంప్యూటర్ గీసిన ఆఖరి దారి

మన కుటుంబాల్లో ఇప్పుడు ఇంటికొకరు కంప్యూటర్ పనిలో ఉన్నారు. అందుకే ఈసారి మన ఊళ్ల సంగతి కాకుండా, స్కాట్లాండ్‌లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను.

1994 జూన్ 2 సాయంత్రం బ్రిటిష్ వైమానిక దళం చినూక్ హెలికాప్టర్ ఒకటి ఉత్తర ఐర్లాండ్ నుంచి ఇన్వర్నెస్ దగ్గరున్న ఫోర్ట్ జార్జ్‌కి బయల్దేరింది. లోపల 25 మంది నిఘా నిపుణులు, నలుగురు సిబ్బంది. దారిలో మల్ ఆఫ్ కింటైర్ కొండను పొగమంచు కమ్మేసి ఉంది. సుమారు 800 అడుగుల ఎత్తులో హెలికాప్టర్ ఆ కొండను గుద్దుకుంది. 29 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అందులో బ్లాక్ బాక్స్ లేదు. దొరికినవి శకలాలు, దారి చూపే కంప్యూటర్ మెమరీలో మిగిలిన కొన్ని అంకెలు, అంతే. చివరి కొద్ది సెకన్లలో పైలట్లు ఏం చేశారో వాటిలో లేదు. బోయింగ్ కంపెనీ ఆ ఖాళీని సిమ్యులేషన్‌తో పూరించింది. వేగం ఇంత, గాలి ఇంత అనుకుంటే, ఆఖరి అంకె నుంచి కొండ దాకా హెలికాప్టర్ ఎలా వెళ్లి ఉంటుంది? లెక్క కుదిరింది, గీత వచ్చింది. కానీ హెలికాప్టర్ పైలట్ల అదుపులోనే ఉందని ముందే అనుకుంటేనే ఆ గీత నిలుస్తుంది.

1995లో ఇద్దరు పెద్ద అధికారులు పైలట్లు జొనాథన్ టాపర్, రిచర్డ్ కుక్‌లది ఘోర నిర్లక్ష్యం అని తేల్చేశారు. అప్పటి నియమం ప్రకారం చనిపోయిన పైలట్ మీద ఆ నింద వేయాలంటే ఇసుమంతైనా అనుమానం ఉండకూడదు.

అనుమానం మాత్రం చాలానే ఉంది. ఇంజిన్లను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్తది. ప్రమాదానికి ముందే దాన్ని పరిశీలించినవాళ్లు 18 శాతం కోడ్ చూసేసరికే 480కి పైగా తేడాలు పట్టి, అక్కడితో ఆపేశారు. ప్రమాదానికి అదే కారణమని ఎవరూ నిరూపించలేదు. కాదని కూడా నిరూపించలేదు.

2002లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ ఆ తీర్పు సరికాదంది. చివరికి 2011లో లార్డ్ ఫిలిప్ సమీక్ష తర్వాత ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, పైలట్ల కుటుంబాలకు క్షమాపణ చెప్పింది. పదిహేడేళ్లు పట్టింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. టెస్ట్ పాసయిందంటే మేం ఇచ్చిన అంకెలకు పాసయిందనే అర్థం. సిమ్యులేషన్ కూడా ‘ఇలా జరిగి ఉండొచ్చు’ అనే అంటుంది. ‘ఇలాగే జరిగింది’ అని చదివింది మనుషులు. మన పిల్లలు తెర మీద చక్కటి గీత చూసినప్పుడు, ఇందులో కొలిచిందెంత, అనుకున్నదెంత అని తప్పకుండా అడగాలి.