జానపద కథానాయిక – తెఱమీది రూపము

కృష్ణా తీరపు పల్లెలలో కోతలు ముగిసిన పిదప బాలనాగమ్మ కథ చెప్పించుకొనుట వెనుకటి వాడుక. కథకుడు ఆమెను చక్కదనాల రాశి యని చెప్పి ముందునకు సాగిపోవును. ఆమె మేనిచాయ యెట్టిదో అతడు చెప్పడు, వినువారు అడుగరు. వినుచున్న వారెందఱో అన్ని బాలనాగమ్మలు ఆ రాత్రి అచట నుందురు.

ప్రబంధకవులు పాదములు మొదలు కేశములదాక వర్ణించిరి గదా యని మీరనవచ్చును. కాని చంద్రుని, పద్మమును, తుమ్మెదను ఒకచోట చేర్చిన మాత్రమున ఒక ముఖము ఏర్పడదు. తెలుపే అంద మనుటకు మన గ్రంథములు సాక్ష్యమీయవు. ద్రౌపదికి కృష్ణ యను నామము ఆమె దేహచ్ఛాయను బట్టియే వచ్చినది. మనకు నీరిచ్చు నదికిని అదే పేరు.

రంగస్థలమున సౌందర్యము దేహలక్షణము కాదు, విద్య. స్థానం నరసింహారావుగారు (1902–1971) పురుషుడై యుండియు సత్యభామగా తెనుగుదేశమును మెప్పించి, 1956లో పద్మశ్రీ పొందిరి. కూచిపూడి భాగవతులలో స్త్రీవేషము తరతరములుగ పురుషులదే. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణగారు తమ నాటకమున నాగమ్మ వేషమిచ్చినపుడు నందమూరి తారకరామారావుగారు మీసము తీయనొల్లక అట్లే రంగమెక్కి, 'మీసాల నాగమ్మ' యనిపించుకొనిరి. నాటి ప్రేక్షకులు నవ్వియుందురు. కాని నాటకము ఆగలేదు!

చలనచిత్రము ఈ స్వేచ్ఛను హరించినది. కెమెరా దాపునకు వచ్చి ఒక ముఖమును తెఱనిండ నిలిపినపుడు చూపరి ఊహకు చోటెక్కడిది? 1942లో జెమినీవారు చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వమున 'బాలనాగమ్మ' తీసిరి. కథలో ఆమె బలము బుద్ధి: మాంత్రికుని చెఱలో వ్రతమను నెపముతో ఏండ్లు గడిపి, కుమారుడు బాలవర్ధిరాజు వచ్చువఱకు తన్ను తాను కాపాడుకొన్నది. చిత్రము చూచినవారు ముందుగ చెప్పుకొన్నది కాంచనమాల కన్నులను గూర్చి! ఆ కీర్తి ఆమెకే తోడుపడలేదు. అటుపిమ్మట ఆమె తెఱకు దాదాపు దూరమై, 1963లో 'నర్తనశాల'లో ఒక చిన్న వేషమున కనబడి, 1981లో గతించెను.

ఈ కొలత సినిమాశాలతో ఆగలేదు. నేను పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవ నాటకమునకు పద్యము తప్పులేక చదువు నల్లని బాలిక యుండగా, రాజకుమారి వేషము నోరు తిరుగని మఱియొక తెల్లపిల్లకు పోయినది. మొదటి బాలికకు చెలికత్తె వేషము వచ్చినది. తెరచాటునుండి రాజకుమారికి పద్యములందించినదియు ఆ బాలికయే.

అందఱు దర్శకులను ఒకే గాటను కట్టరాదు. మన మీర్జాపురము రాజాగారి 'కీలుగుఱ్ఱము' (1949)లో అంజలీదేవి రాజును మోహింపజేయు రాక్షసి వేషము ధరించెను. అందమైన రూపమును నమ్మవలదను పాతకథల హెచ్చరిక అందు చెడలేదు. అదే యేట వచ్చిన 'గుణసుందరి కథ'లో నాయిక అవకరములు గల భర్తను సేవించును. తుదకు అతడు శాపము తీఱి సురూపుడగును. ఈ ముగింపు ప్రాచీనమే కావచ్చును, నాకు మాత్రము రుచింపదు. ఆమె ప్రేమించినది మొదటివానినే గదా.

1951లో 'పాతాళభైరవి' వచ్చినది. మీసాల నాగమ్మయే తోటమాలి కొడుకు రాముడు. నూజివీడున పుట్టిన ఎస్.వి. రంగారావుగారు నేపాళ మాంత్రికుడు. గడ్డము, ఉరుముచూపు చూచి వృద్ధుడనుకొందుము. వారికప్పుడు ముప్పదిరెండేండ్లే, నాయకునికంటె అయిదేండ్లు మాత్రమే పెద్ద. పురుషునకు వికారరూపము కూడ విద్యగా చెల్లినది. స్త్రీకి ఆ యవకాశము అరుదు.

ఆ చిత్రములోనే ఒక నృత్యగీతమున మాత్రము కనిపించిన పడుచు సావిత్రి. గుంటూరు జిల్లా చిఱ్ఱావూరున పుట్టి విజయవాడలో నృత్యము నేర్చినది. ఆఱేండ్లకు, 1957లో, అదే దర్శకుడు కె.వి. రెడ్డిగారు 'మాయాబజార్'లో ఆమెకు శశిరేఖ పాత్ర నిచ్చిరి. అందు ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చును. సావిత్రి చీరకట్టులోనే మగనడక నడచి, పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని కాలు త్రొక్కినపుడు, ఆమె చక్కదనమును కొలుచుటకు శాలలో ఎవరికిని తీఱిక లేదు. అందఱును ఘటోత్కచునే చూచుచుండిరి.