పరుగెత్తు చక్రమునకు ఛాయాచిత్రము

శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లిలో సూర్యనారాయణస్వామి ఆలయము సుప్రసిద్ధము. ఏడవ శతాబ్దమున కళింగరాజగు దేవేంద్రవర్మ దీనిని కట్టించెనని ప్రతీతి. ఏటేట మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని దినములు ఉదయకిరణములు గర్భాలయమున ప్రవేశించి స్వామి పాదములను సోకును. ఆ వెలుగు నిలుచునది కొలది నిమిషములే. భూమి తన ప్రదక్షిణములో అనువైన స్థానమునకు వచ్చినపుడెల్ల ఆ వెలుగు అచ్చటనే పడును. మహావేగమున తిరుగు యంత్రచక్రములను ఛాయాచిత్రము తీయు విద్యకును ఇట్టి సూత్రమే ఆధారము: వస్తువు మరల అదే స్థితికి వచ్చిన క్షణమున వెలుగు పడవలెను. ఆ విద్య చరిత్రను ఇపుడు కొంత ముచ్చటింతము.

చక్రమున శక్తిని నిలువచేయుట మనకు క్రొత్త గాదు. కుమ్మరి బరువైన సారెను కఱ్ఱతో గిరగిర త్రిప్పి, కఱ్ఱను ప్రక్కన పెట్టి, రెండు చేతులతో కుండను తీర్చును. కఱ్ఱ తీసిన పిదపను సారె తిరుగుచునే యుండును. ఇంజనీర్లు ఫ్లైవీలు అనునది ఈ సారెకు పెద్దన్న. వేగము రెట్టింపైనచో దానియందలి శక్తి నాలుగు రెట్లగును. 1953 నుండి 1960 వరకు స్విట్జర్లండులో ఇవర్డాన్, గ్రాన్సాన్ పట్టణముల నడుమ ఇట్టి చక్రములతో బస్సులు నడచినవి. ఒకటిన్నర టన్నుల బరువు, 1.6 మీటర్ల అడ్డుకొలత గల చక్రము నిమిషమునకు 3,000 చుట్లు తిరిగెడిది. ఆగినచోట విద్యుత్తుతో చక్రమును త్రిప్పుకొని, ఆ ఊపుతోనే బస్సు తరువాతి మజిలీ చేరెడిది.

ఇట్టి చక్రమును చిత్రించుట యెట్లు? లెక్కవేసి చూతము. దాని అంచు సెకనుకు సుమారు 250 మీటర్లు పరుగెత్తును. కెమెరా షట్టరు సెకనులో వెయ్యవ వంతు మాత్రమే తెరచినను, ఆ లోపల అంచు జానెడుకు మించి సాగిపోవును, చిత్రము అలుకుకొనిపోవును. కావున షట్టరును నమ్మక, వెలుగునే క్షణికము చేయవలెను. 1851 జూన్ 14న లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో టాల్బట్ పండితుడు ఈ పనియే చేసెను. ‘టైమ్స్’ పత్రిక తునకనొకదానిని చక్రమునకు అంటించి, వేగముగ త్రిప్పించి, చీకటిలో లీడెన్ జాడీల నుండి ఒక్క విద్యుత్ మెరుపు మెరపించెను. చిత్రములో అక్షరములు చదువ వీలయ్యెను.

అంతకుముందే, 1832లో, బెల్జియమున ప్లాటో, ఆస్ట్రియాలో స్టాంప్ఫర్ వేర్వేరుగ సందులు గల బిళ్లలతో చలనమును విడదీసి చూచు సాధనమును నిర్మించిరి. దానికి స్ట్రోబోస్కోపు అను పేరు స్టాంప్ఫర్ పెట్టినదే. 1931 నాటికి అమెరికాలోని మాసచుసెట్స్ సాంకేతిక సంస్థలో హెరాల్డ్ ఎడ్జర్టన్ మెరుపులను చక్రపు చుట్లతో సమముగ వెలుగజేసి, తిరుగుచున్న మోటారు నిలిచియున్నట్లు చూపెను. మెరుపు సెకనులో లక్షవ వంతే యున్నచో, మనము చెప్పుకొన్న బస్సు చక్రపు అంచు ఆ వ్యవధిలో కదలునది రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే.

78 చుట్ల గ్రామఫోను రికార్డుల కాలమున ఈ సాధనము ఇండ్లలోనికిని వచ్చినది. 77 గీతలు గల వలయమును పళ్లెముపై నుంచి, సెకనుకు 100 మారులు మినుకుమను మన విద్యుద్దీపము క్రింద చూచెడివారు. గీతలు కదలనట్లు తోచినచో వేగము సరియని నిశ్చయము.

ఇంట వేడుకైన ఈ మాయ కార్ఖానాలో ప్రాణాపాయము. సెకనుకు 50 చుట్లు తిరుగు ఆకుల చక్రము, పాతరకపు ట్యూబులైటు క్రింద నిలిచిపోయినట్లు కానవచ్చును. నమ్మి చేయి పెట్టినవాని గతి వేరుగ చెప్పనక్కరలేదు. అందువలననే దీపములను మూడు ఫేజులకు పంచి అమర్చు ఏర్పాటు కలిగినది.

చిత్రమునను ఇట్టి మాయయే కలదు. పగుళ్లను, బిగింపులను పరీక్షించు ఇంజనీరునకు నిశ్చలమైన చిత్రము కావలెను. యంత్రమును అమ్మజూపు వర్తకునకు అది చాలదు. ఆగిన చక్రమువలె నున్నదని, అంచు కొంత చెదరి వేగము కనబడవలెనని కోరును. రెండును అసత్యములు గావు. కాని మెరుపులో తీసిన చక్రమునకును, ఆపి తీసిన చక్రమునకును చిత్రములో భేదము తెలియదు. 2011లో న్యూయార్కు రాష్ట్రమున స్టీఫెన్‌టౌనులో నెలకొల్పిన 200 చక్రములు నిమిషమునకు 16,000 చుట్ల వరకు తిరుగునట్టివి. గాలి తీసివేసిన ఉక్కుపాత్రలలో మూసియుండుటచే వెలుపలి కెమెరాకు చక్రము కానరాదు. కోసి చూపినట్లు గీసిన బొమ్మయే కొనువానికి దిక్కు.

కావున ఇట్టి చిత్రమును ప్రకటించువారు దాని క్రింద మూడు మాటలు ముద్రింపవలెనని మా మనవి: చక్రము తిరుగుచుండెనా, ఎన్ని చుట్లు, మెరుపు ఎంతకాలము. శక్తిని కొనువాడు చిత్రమును చూచియే నమ్మును. ఆ నమ్మకమునకు ఆ మూడు మాటలే పూచీ.