కోర్ డంప్ పూర్వవృత్తాంతము

యునిక్స్ వంశపు యంత్రములలో ఒక ప్రోగ్రాము అకస్మాత్తుగా కూలినపుడు, ఆ క్షణమున దాని మెమరీలోనున్న సర్వస్వము ‘కోర్’ అను ఫైలులోనికి చేరుటను ప్రోగ్రామర్లందఱు నెఱుగుదురు. ఆ పేరు ఒకప్పుడు చేతితో తాకదగిన వస్తువునకు పేరై యుండెనని మాత్రము తఱచుగా మఱచుచుందురు.

ఈ విద్య ఆ పేరుకన్నను ప్రాచీనము. 1949 మే నెలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ బృందము నడిపించిన ఎడ్‌సాక్ యంత్రమునకు మెమరీ యనగా పాదరసపు గొట్టములలో సంచరించు ధ్వనితరంగములే. ప్రోగ్రాము నిలిచిపోయినపుడు యంత్రమునెదుట కూర్చుండి ఒక్కొక్క ఆజ్ఞనే నడిపి చూచుట, పదిమంది వంతులకై వేచియుండు ఆ యంత్రకాలమును వృథాగా హరించుచుండెను. కావున, కాగితపు టేపునుండి వేఱొక చిన్న ప్రోగ్రామునెక్కించి, నిలిచిన మెమరీలోని భాగములను టెలిప్రింటరుపై అచ్చొత్తించుకొని, ఆ కాగితముతో తమ బల్లయొద్దకేగి దోషమును తీఱికగా వెదకుకొను పద్ధతి యేర్పడెను. దానికి వారిడిన పేరు ‘పోస్టుమార్టం’. స్టాన్లీ గిల్ 1951లో ప్రోగ్రాముల తప్పులను కనుగొను మార్గములపై ప్రత్యేకముగా ఒక వ్యాసమునే వ్రాసెను. తప్పు చేయుట సిగ్గుపడదగినది కాదనియు, శాస్త్రీయముగా పరిశీలింపదగిన విషయమనియు అంగీకరించిన ఆ తరమునెడ నాకు అపారమైన గౌరవము కలదు.

1953లో అమెరికాలోని ఎం.ఐ.టి.యందు జే ఫారెస్టర్ బృందము వర్ల్‌విండ్ యంత్రమునకు అయస్కాంత మెమరీ నమర్చినది. సన్నని తీగెల కూడలి కూడలికి ఒక ఫెరైట్ వలయము. ఒక్కొక్క వలయమున ఒక్కొక్క బిట్టు. ఆ వలయమే కోర్. కాలక్రమమున ఆవగింజలకన్నను చిన్నవైన ఈ వలయములలోనికి తీగెలు దూర్చి అల్లినవారు ఎక్కువగా స్త్రీలే. చదివినంతనే చెఱగిపోవుట ఈ మెమరీ స్వభావమగుటచే, చదివిన ప్రతి బిట్టును యంత్రము మరల వ్రాయవలసియుండెను. వీని సారమును కాగితముపై కుమ్మరించుటయే కోర్ డంప్.

1970 తరువాత సిలికాన్ చిప్పులు వలయములను తొలగించినను, 1971నాటి యునిక్స్ గ్రంథములోని కోర్ ఫైలు పేరు చెక్కుచెదరలేదు.

అయినను శవపరీక్షతో తీఱని సందేహములు కొన్ని కలవు: ప్రోగ్రాము చావదు, కదలదు, లేక కారణము తెలియకయే దాని మెమరీ ఉబ్బుచుండును. 1983లో 4.2 బీఎస్‌డీ అను యునిక్స్ రూపాంతరముతో వచ్చిన జీకోర్ అను ఆజ్ఞ, ప్రాణముండగనే ప్రోగ్రాము ప్రతిబింబమును గ్రహించుటకు ఉద్దేశింపబడినది. నేటి లినక్సులో జీడీబీ అను దోషాన్వేషక సాధనము ఆ ప్రోగ్రామును క్షణకాలము నిలిపి, దాని మెమరీని ఫైలులోనికి వ్రాసికొని విడిచిపెట్టును. మెమరీ విస్తారమైనకొలది ఆ విరామము దీర్ఘమగును. అంతవరకు దాని సేవ కోరినవారు వేచియుందురు; పిమ్మట విడువబడిన ప్రోగ్రాము నిలిచిన ఆజ్ఞయొద్దనుండియే తన పనిని కొనసాగించును.