రైతు ఆదాయ గణాంకాలు (భారతదేశం)

సాగు కుటుంబాల రాబడి, ఖర్చులను సర్వేల ద్వారా సేకరించి లెక్కగట్టే విధానాల చరిత్ర ఇది. బ్రిటిష్ పాలనలో లెక్కలు శిస్తు కోసం రాసినవే. కరణం దగ్గర విస్తీర్ణం, పైరు వివరాలు ఉండేవి గాని, ఏడాది చివర రైతు ఇంట మిగిలిందెంతో తెలిసేది కాదు. 1918లో ఆర్థికవేత్త గిల్బర్ట్ స్లేటర్ సంపాదకత్వంలో దక్షిణాది గ్రామాల పరిశీలన వెలువడింది.

1954-55లో మొదలైన ఫార్మ్ మేనేజ్‌మెంట్ అధ్యయనాలు పొలం పద్దును శాస్త్రీయంగా రాయించాయి. 1970-71 నుంచి నడుస్తున్న సాగు వ్యయ పథకం మద్దతు ధరల నిర్ణయానికి ఉపయోగపడుతోంది. అయితే అది పంట ఖర్చు చెబుతుంది, కుటుంబ ఆదాయం చెప్పదు.

ఆ లోటు తీర్చిన మేలైన ప్రయత్నం పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ది. 1975లో మహబూబ్‌నగర్ జిల్లాలో అవురుపల్లి, డోకూరు, మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి ఊళ్లు ఎంచుకుంది. ఊరికి 40 కుటుంబాలు: 30 సాగుదారులవి, 10 కూలీలవి. స్థానిక భాష మాట్లాడే పరిశోధకులు ఆ ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి పద్దు రాశారు. కూలి, పాడి, అప్పు, చేబదులు, అవురుపల్లిలో కల్లుగీత రాబడి, అన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. వాటిలో మూడు ఊళ్లలో పదేళ్లపాటు ఆగకుండా సాగిన ఈ పద్దుల ఆధారంగా ఆర్థికవేత్తలు వాకర్, రయన్‌ల గ్రంథం 1990లో వచ్చింది. 1994లో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్సెండ్ పల్లెల్లో నష్టభారం ఎలా పంచుకుంటారో వీటితోనే విశ్లేషించాడు.

రైతు ఆదాయంపై దేశవ్యాప్త అధికారిక లెక్క మాత్రం 2003 దాకా రాలేదు. జాతీయ నమూనా సర్వే అంచనాలో రైతు కుటుంబ నెలసరి ఆదాయం 2002-03లో రూ.2,115, 2012-13లో రూ.6,426, 2018-19లో రూ.10,218. చివరి అంకెలో కూలి, జీతాల వాటా రూ.4,063, పంటల మీద మిగిలింది రూ.3,798. ఇంటివాళ్ల శ్రమకు, సొంత విత్తనానికి వెల కడితే మొత్తం రూ.8,337కే దిగుతుంది. ఈ అంకెలను వరసబెట్టి పోల్చడంలో చిక్కుంది: 2003లో భూమి ఉండాలన్న నిబంధనను 2013లో తీసేసి, ఏటా రూ.3,000కు మించిన ఉత్పత్తి విలువను కొలమానం చేశారు. ఏడాదికి రెండుసార్లే అడగడం వల్ల జవాబు రైతు జ్ఞాపకం మీదే ఆధారపడుతుంది.

2016లో కేంద్ర ప్రభుత్వం రైతు ఆదాయం రెట్టింపు లక్ష్యం ప్రకటించినప్పుడు తాజా సర్వే లేదు. ఆ లక్ష్యం కోసం వేసిన దల్వాయ్ కమిటీ 2012-13 అంకెను ముందుకు లెక్కగట్టి 2015-16కు ఏడాదికి రూ.96,703ను ఆధారంగా తీసుకుంది. నాబార్డ్ సర్వే 2021-22కు నెలకు రూ.13,661 అంటుంది. అందులో 50 వేల లోపు జనాభా ఉన్న చిన్న పట్టణాలూ ఉన్నాయి కాబట్టి, గ్రామాలకే పరిమితమైన జాతీయ నమూనా సర్వే అంకెలతో దాన్ని నేరుగా జతచేయడం కుదరదు.