ఛాయాచిత్రమే జీవనాధారమా? – సికిందరాబాదు స్టూడియో నుంచి డాలీగంజ్ వరకు

కుమ్మరి చేసిన కుండ ఒక్కసారే అమ్ముడవుతుంది. నేతగాడు నేసిన చీర ఒక్కరి ఇంటికే చేరుతుంది. పందొమ్మిదవ శతాబ్దం మధ్యకాలంలో ప్రపంచానికి పరిచయమైన ఛాయాచిత్రం ఈ నియమాన్ని మార్చివేసింది. గాజు పలక మీద ఒక్కసారి నిలిచిన బింబం నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు, ఎందరికైనా అమ్మవచ్చు. తీసిన చిత్రాలను భద్రపరచుకొని, అడిగినవారికి అడిగినప్పుడల్లా ప్రతులు అమ్ముకుంటూ జీవించవచ్చునన్న ఆశ ఆనాడే పుట్టింది. ఆ ఆశ ఏ మేరకు ఫలించినది, ఎవరికి ఫలించినది అన్న విషయాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు ప్రేరణ డాలీగంజ్‌లో లభించింది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరంలో, విమానాశ్రయానికి చేరువగా ఉన్న ప్రాంతం ఇది. అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు అని 2011 జనాభా లెక్కలు తెలుపుతున్నాయి. వారిలో అనేకుల పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఓడలెక్కి వచ్చినవారే. అటువంటి కుటుంబానికి చెందిన ఒక యువకుడు ఈ వ్యాసకర్తకు పొరుగువాడు. పెళ్లిళ్లకూ బారసాలలకూ ఫోటోలు తీయడం అతని వృత్తి. తీరిక వేళల్లో సముద్రతీరాలను, మడ అడవులను, చేపల పడవలను చిత్రించి, వాటిని విదేశీ చిత్ర విక్రయ సంస్థలకు పంపుతుంటాడు. 2020 ఆగస్టు 10న చెన్నైకీ ఈ దీవులకూ మధ్య దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేవరకు ఉపగ్రహ సంబంధం మీదనే ఆధారపడిన ఈ దీవుల నుంచి పెద్ద చిత్రాలను పంపడం గగనంగా ఉండేది. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. "పెళ్లిళ్ల పని మానేసి, ఈ బొమ్మల అమ్మకం మీదే బతకొచ్చంటారా సార్?" అని అతడొకనాడు అడిగాడు. చరిత్ర చదివినవాడు ఇటువంటి ప్రశ్నకు ముందుగా పాత లెక్కలు తిరగవేయక తప్పదు.

గాజు పలకల నిధి

మన దేశంలో ఈ వ్యాపారానికి తొలి గొప్ప ఉదాహరణ శామ్యూల్ బోర్న్. ఇంగ్లండులో బ్యాంకు ఉద్యోగం వదలి 1863లో భారతదేశానికి వచ్చిన ఈయన, సిమ్లాలో స్టూడియో నెలకొల్పి, ఆ తరువాత బోర్న్ అండ్ షెపర్డ్ పేరుతో ప్రసిద్ధమైన సంస్థకు మూలపురుషుడైనాడు. ఆనాటి విధానంలో గాజు పలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే కడగవలసి ఉండేది. కెమెరా, పలకలు, రసాయనాలు, చీకటి గుడారం అన్నిటినీ కూలీలు మోయగా ఆయన హిమాలయ కనుమలెక్కి చిత్రాలు తీశాడు. ప్రతి పలక మీద సంఖ్య వేసి, జాబితాలు అచ్చువేయించి, కోరినవారికి కోరిన సంఖ్యగల చిత్రాన్ని అమ్మే పద్ధతిని ఆయన సంస్థ అనుసరించింది. ఇంటికి జ్ఞాపికలు పంపుకొనే ఆంగ్ల అధికారులూ యాత్రికులూ దాని ఖాతాదారులు.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. బోర్న్ 1870 ప్రాంతంలో స్వదేశానికి తిరిగివెళ్లి వేరే వ్యాపారంలో స్థిరపడ్డాడు. ఆయన తీసిన రెండు వేలకు పైగా నెగెటివులు మాత్రం సంస్థ వద్దనే ఉండిపోయాయి. ఆయన వెళ్లిపోయిన తరువాత దశాబ్దాలపాటు వాటి నుంచి ప్రతులు తీసి అమ్ముతూనే ఉన్నారు. చిత్రం తీసినవాడు దూరమైనా పలకను దాచినవానికి రాబడి ఆగలేదు. 1991లో కలకత్తాలోని ఆ సంస్థ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నిల్వ చాలావరకు దగ్ధమైంది. 2016లో సంస్థ మూతపడింది.

సికిందరాబాదు స్టూడియో

తెలుగు నేలకు సంబంధించినంతవరకు ఈ చరిత్రలో ప్రథమ గణ్యుడు రాజా లాలా దీన్ దయాళ్. మీరట్ సమీపంలోని సర్ధనలో 1844లో జైన కుటుంబంలో జన్మించిన ఈయన, రూర్కీలోని థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య అభ్యసించి, ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు, అంచనాలు తయారుచేసే ఉద్యోగంలో చేరాడు. అనగా ఈయన మొదట ప్రభుత్వోద్యోగి. 1870వ దశకంలో ఛాయాచిత్రకళ నేర్చుకొని, ఉద్యోగంలో ఉండగానే అధికారుల ప్రోత్సాహం సంపాదించాడు. సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలసి మధ్య భారతంలో పర్యటించి తీసిన కట్టడాల చిత్రాలు 1886లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. 1885లో వైస్రాయి లార్డ్ డఫరిన్‌కు ఛాయాచిత్రకారుడుగా నియమితుడైనాడు. క్రమంగా ఉద్యోగాన్ని వదలి, సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. 1894లో నిజాం ఆయనకు "రాజా ముసవ్విర్ జంగ్" బిరుదును ప్రసాదించాడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచాడు. 1897లో విక్టోరియా రాణి నుంచి గౌరవ నియామకం లభించింది.

ఈయన ఏ ఒక్క రాబడిని నమ్ముకొనలేదు. మొదటిది నిజాం ఆస్థానం: దర్బారులు, వేట యాత్రలు, అతిథుల రాకపోకలు, 1899-1900 కరువునాటి సహాయక కార్యక్రమాలు అన్నిటినీ చిత్రించే బాధ్యత. రెండవది స్టూడియోకు వచ్చి తమ చిత్రాలు తీయించుకొనే సంపన్నులు, సైనికాధికారులు. పరదా పాటించే స్త్రీల కొరకు 1892లో ఒక ఆంగ్ల మహిళ పర్యవేక్షణలో హైదరాబాదులో ప్రత్యేక జెనానా స్టూడియో ఏర్పాటు చేయడం ఆయన వ్యాపార దక్షతకు నిదర్శనం. మూడవది దాచి ఉంచిన నెగెటివుల నుంచి కట్టడాల, నగరాల, ప్రకృతి దృశ్యాల ప్రతులు తీసి అమ్మడం. ఈ మూడింటిలో ఇల్లు నిలబెట్టినవి మొదటి రెండు. మూడవది రెండో పంట వంటిది. మొదటి పంటకు నీరు పెట్టిన పొలంలోనే అది పండుతుంది. దర్బారు పని మీద ఒక కోట వద్దకు వెళ్లినప్పుడు ఆ కోట చిత్రం కూడా నిల్వలో చేరేది. అచ్చంగా అమ్మకం కొరకే అంత దూరం సామగ్రి మోయించడం ఎంతటివారికైనా భారమే.

ఆ ఆధారం సడలినప్పుడు ఏమైనదో చూడండి. 1904లో కుమారుడు ధరమ్ చంద్, 1905 జూలై 5న దీన్ దయాళ్ మరణించారు. 1911లో ఆరవ నిజాం కన్నుమూశాడు. వేల పలకల నిల్వ అలాగే ఉన్నా, స్టూడియో పూర్వవైభవం తిరిగి రాలేదు. ఆ కుటుంబీకులు ఎన్నో దశాబ్దాలు ఓర్పుతో కాపాడుకొన్న 2,857 గాజు నెగెటివులను 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. ఈనాడు నిజాం నాటి హైదరాబాదును గురించి వ్రాసే ఏ చరిత్రకారుడైనా ఆ చిత్రాలను ఆశ్రయించవలసిందే. పలకల విలువ పెరిగింది. ఆ విలువ అవి తీసిన వంశానికి జీవికగా మారలేదు.

బొమ్మలోని మనిషి

దీవులలో నివసించేవారు ఈ చరిత్రకు మరొక పార్శ్వాన్ని కూడా స్మరించాలి. 1858లో ఇక్కడ శిక్షా స్థావరం ఏర్పడిన కొద్ది సంవత్సరాలకే అండమానీయుల చిత్రాలు తీయడం ఆరంభమైంది. 1860వ దశకంలో కొందరిని కలకత్తాకు తీసుకొనివెళ్లి అక్కడి స్టూడియోలో నిలబెట్టి చిత్రించారు. 1879లో ఇక్కడికి వచ్చి అండమానీయుల వ్యవహారాలు చూసిన అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్, 1890వ దశకంలో బ్రిటిష్ మ్యూజియం కొరకు వారి చిత్రాలనూ శరీర కొలతలనూ సంపుటాలుగా సిద్ధం చేశాడు. దూరదేశాల మనుషుల "జాతి చిత్రాలు" ఆనాటి స్టూడియోలకు మంచి సరుకు. చిత్రాలలోని మనుషుల అనుమతి ఎవరూ అడగలేదు, రాబడిలో వారికి భాగమూ లేదు. 1901 జనాభా లెక్కలలో 625 మందిగా ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. లండన్‌లోని సంపుటాలు చెక్కుచెదరలేదు.

స్వతంత్ర భారత ప్రభుత్వం 1956లో ఆదిమ జాతుల రక్షణ నిబంధనావళిని అమలులోకి తెచ్చింది. జారవా స్త్రీలను పర్యాటకుల ఎదుట ఆడించిన దృశ్యాలు 2012 జనవరిలో బయటపడి దేశమంతటా ఆగ్రహం రేకెత్తించాయి. ఆ సంవత్సరమే నిబంధనలను సవరించి శిక్షలను కఠినతరం చేశారు. జారవాలను ఫోటో తీయడం ఈనాడు శిక్షార్హమైన నేరం. డాలీగంజ్ యువకునికి కూడా, "అడవి మనుషుల బొమ్మలుంటే పది రెట్లు ఇస్తాం" అన్న కబురు ఒకసారి వచ్చిందట. అతడు తిరస్కరించాడు. చట్టానికి భయపడి మాత్రమే కాదు, అవి అమ్మే హక్కు తనకు లేదని అతనికి తోచింది. అమ్మకం మీదే ఇల్లు గడవవలసిన స్థితి వస్తే ఆ తిరస్కారం అంత సులభంగా ఉండేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

నిల్వ ఎవరిదో రాబడి వారిది

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వ్యాపారం ఛాయాచిత్రకారుని చేతి నుంచి సంస్థల చేతికి మారింది. నాజీ జర్మనీని వదలి 1935లో రెండు పెట్టెల నిండా చిత్రాలతో న్యూయార్కు చేరిన ఆటో బెట్‌మన్ స్థాపించిన చిత్ర భాండాగారం, కోటికి పైగా చిత్రాలతో పెరిగి, 1995లో బిల్ గేట్స్ స్థాపించిన కార్బిస్ సంస్థకు అమ్ముడైంది. ఆ సంవత్సరమే గెట్టీ ఇమేజెస్‌కు బీజం పడింది. 2000లో ఐస్టాక్‌ఫోటో, 2003లో షట్టర్‌స్టాక్ వచ్చిన తరువాత ప్రపంచంలో ఎవరైనా ఇంటి నుంచే చిత్రాలు పంపి అమ్ముకొనే వీలు కలిగింది. ఎందరికో తలుపు తెరుచుకున్న మాట నిజమే. సరుకు పెరిగిన కొద్దీ ధర పడిపోయిన మాటా నిజమే. 2020 జూన్‌లో షట్టర్‌స్టాక్ అమలుచేసిన పద్ధతిలో చిత్రదాతకు 15 నుంచి 40 శాతం వరకు వాటా లభిస్తుంది. ఒక్క చిత్రానికి కనీస ప్రతిఫలం 10 సెంట్లు. ప్రతి సంవత్సరం జనవరి 1న అందరూ మళ్లీ అట్టడుగు మెట్టు నుంచే మొదలుపెట్టాలి. 2023లో అడోబ్ సంస్థ తన నిల్వలోని చిత్రాలతో శిక్షణ పొందిన ఫైర్‌ఫ్లై అనే సాధనాన్ని విడుదల చేసి, చిత్రదాతలకు కొంత బోనస్ చెల్లించింది. కెమెరా లేకుండానే సముద్రతీరం బొమ్మ తయారుచేయగల యంత్రానికి, కెమెరా పట్టినవారి చిత్రాలే పాఠాలైనాయి.

బోర్న్ పలకల కథకూ దీనికీ పోలిక స్పష్టమే. దాచి అమ్మే వ్యాపారంలో స్థిరమైన రాబడి నిల్వను అదుపులో ఉంచుకొన్నవారిది. ఒకే వ్యత్యాసం చెప్పవచ్చు: దీన్ దయాళ్ తన నిల్వకు తానే యజమాని, నేటి చిత్రదాత అనేకుల నడుమ ఒకడు.

యువకునికి చెప్పిన జవాబు

కనుక, "పెళ్లిళ్ల పని మానవద్దు" అని అతనికి చెప్పవలసివచ్చింది. అతని ముఖంలో నిరాశ కనిపించకపోలేదు. పెళ్లి పందిట్లో పని అతనికి విసుగు, సముద్రం ఇష్టం. అయితే డాలీగంజ్ పెళ్లిళ్లే అతనికి నిజాం దర్బారు. కొత్త దృశ్యాలకు తీసుకువెళ్లేదీ, పడవ ప్రయాణానికి డబ్బు సమకూర్చేదీ, కానిపనికి కాదని చెప్పే ధైర్యమిచ్చేదీ ఆ పనే.

దానితోపాటు మూడు సూచనలు చేయడం జరిగింది. మూలచిత్రాలను ఎవరికీ పూర్తిగా ధారపోయక తన వద్ద రెండు చోట్ల భద్రపరచుకోవాలి. ప్రతి చిత్రానికీ ఊరు, తేదీ, సందర్భం, అందులోని వ్యక్తుల అనుమతి వ్రాసి ఉంచాలి. ప్రకటనలకు అమ్మే చిత్రాలలో మనుషులుంటే వారి సంతకం లేనిదే సంస్థలు కూడా స్వీకరించవు. ఇక చట్టం తెలుసుకోవాలి: 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఛాయాచిత్రంపై హక్కు తీసినవారి జీవితకాలమంతా, వారి మరణానంతరం మరో 60 సంవత్సరాలు ఉంటుంది, డబ్బిచ్చి తీయించుకొన్న చిత్రంపై, వేరే ఒప్పందం లేనిపక్షంలో, తొలి హక్కు తీయించుకొన్నవారిదే. పెళ్లి బొమ్మను అమ్మకానికి పెట్టే ముందు ఆ ఇంటివారిని అడగక తప్పదు.

ఇందులో ప్రభుత్వ సంస్థల బాధ్యత కూడా ఉంది. దీన్ దయాళ్ పలకలు ఒక జాతీయ సంస్థకు చేరకపోతే కలకత్తా పలకల గతే పట్టి ఉండేదేమో. దీవులలో స్థిరపడిన తెలుగువారి వలస జీవితానికి సంబంధించిన చిత్రాలు ఇళ్లలోని పెట్టెలలో, పాత స్టూడియోలలో, ఇప్పుడు కంప్యూటర్లలో చెదరి ఉన్నాయి. ఉప్పుగాలికి కాగితం త్వరగా చెడుతుంది. గ్రంథాలయాలు, పురావస్తు భాండాగారాలు వాటిని న్యాయమైన వెల చెల్లించి సేకరించగలిగితే, తీసినవారికి కొంత ఆదాయమూ, రాబోయే చరిత్రకారునికి ఆధారమూ ఏకకాలంలో లభిస్తాయి.

ఆ యువకుడు ఒక లావుపాటి చిట్టా పుస్తకం కొన్నాడు. తేదీ, చోటు, అనుమతి అని మూడు గళ్లు గీశాడు. అందులో మొదటి పద్దు సముద్రం కాదు. తన తండ్రి విశాఖ నుంచి వచ్చిననాటి ఓడ టికెట్టు పక్కన పెట్టి తీసిన తండ్రి చిత్రం. అమ్మకానికా అని అడిగితే, కాదన్నాడు.